మట్టిగోడలో ఈగలు

పెద్దపల్లి దగ్గరి ఊరు. కూతురు చనిపోయిందని విని దుబాయ్ నుంచి వచ్చిన హరీష్, పెరటి మట్టిగోడ బొక్కలకు సిమెంటు పూస్తున్నాడు. భార్య మంజుల ఇంట్లో ఉంది; తల్లి చంద్రవ్వ అతని వెనకే నిలబడి ఉంది.

“జర ఆగు కొడుకా. లోపల ఈగలున్నయి.”

“ఉన్నయనే మూస్తున్న. జరుగు అవ్వా, మీద పడ్తది.”

“గవి తేనెపట్టు ఈగలు కావురా. గుంపు కట్టవు. ఒక్కో బొక్కల ఒక్కటే ఉంటది. పిల్లల కోసం ఇంత పుప్పొడి దెచ్చి పెడ్తది, మన్నుతోని మూస్తది, పోతది. ఎవ్వల జోలికి రాదు.”

“ఎవ్వల జోలికి రాదా? మరి నా బిడ్డ ఏమైంది?”

“గా ముచ్చట ఇప్పుడెందుకు… జర చాయ్ తాగు. పొద్దటి సంది ఏం తినలే నువ్వు.”

“నాకొద్దు చాయ్. ఫోన్ల ఏమన్నవ్ నువ్వు? నవ్యశ్రీ కక్కుకుంటుంది అన్నవా లేదా?”

“అన్న.”

“మల్ల గంటకు, ఈగ కుట్టింది, దవాఖాన తొవ్వలనే పాణం పోయిందన్నవ్. నాకు టికెట్ దొరికేసరికి నాలుగు దినాలు. మొఖం సుత చూడలే నేను.”

“పిల్లకు గీ ఈగలంటే పాణంరా. బడి నుంచి రాంగనే గీడనే కూసునేది. బాపమ్మా, గిది మన్ను తెచ్చింది, గిది ఆకు కోసుకచ్చింది అని…”

“గంత దగ్గర కూసుంటే కుట్టదా మరి?”

“కుట్టలే.”

“ఏందీ?”

“ఏం లే. గా మూలకు రెండు బొక్కలన్న ఇడువుమంటున్న.”

“కుట్టలే అన్నవ్. విన్న నేను. ఇటు చూడు అవ్వా. ఏమైంది ఆ పొద్దు?”

“మంజుల కలుపుకు పోయింది… ఇంట్ల పిల్ల, నేను.”

“తెల్సు. అటెన్క?”

“దోసతీగకు పురుగు వట్టిందని… పొద్దుగాల మందు కొట్టిన. ముట్టకు బిడ్డా అని చెప్పుడు మర్చిన. పొయ్యి కాడికెళ్లి వచ్చి చూస్తే… సగం కాయ తిన్నది కొడుకా. కడగలే, ఏం లే.”

“అవ్వా!”

“నన్ను కొట్టు. సంపు. గీటిని ఇడిచిపెట్టు.”

“గిన్ని దినాలు ఈగ, ఈగ అన్నవ్! మంజులకు తెల్సా గిది?”

“ఈగ కుట్టిందని చెప్పుమన్నదే ఆమె. బిడ్డ ఎట్లాగూ తిరిగి రాదు అత్తా, ఆయనకు అవ్వన్న ఉండాలె అన్నది.”