మినరల్ డబ్బాలో బోరునీళ్లు

అరవొద్దప్పా ఓబన్నా! నీ కాపలాలో ఉండే కాలేజీ ల్యాబులో పీహెచ్ కాగితాలు మాయమైనాయని మేడమ్‌కు చెప్తావా? చెప్పు! ముందు నా వాదన విను. కోర్టులో గూడా ముద్దాయికి మాట్లాడే వంతు ఇస్తారు.

తీసింది నేనే. శ్రీవాసవి, బీఎస్సీ రెండో సంవత్సరం. రాసుకో!

మా నాయన బట్టలంగట్లో గాజుతొట్టి చూసినావు గదా, ఆఫ్రికా చేపలు, సిక్లిడ్లు? తెచ్చిన రోజే "మన బోరునీళ్లు పోస్తే చాలు" అన్యాడు నాయన. నేనూరుకుంటానా? వక్తృత్వంలో కప్పులు గెలిచిన నోరాయె! "పప్పుడకని నీళ్లు, బిందెకు తెల్లగా పెచ్చు కట్టే నీళ్లు, ఆ మూగజీవాలకా?" అని అరగంట వాయించినా. ఆయన చేతులెత్తేసినాడు. అప్పట్నించీ మినరల్ డబ్బా నీళ్లే.

నెల తిరక్కముందే చేపల రంగు వెలిసిపోయింది. మూలన నక్కినాయి. సరిగ్గా అప్పుడే పచ్చ చేప నోట్లో గుడ్లు పెట్టుకున్యాది! అవునప్పా, నోట్లోనే! మూడు వారాలు తిండి ముట్టదు, నోరు తెరవదు. నేనైతే మూడు నిమిషాలుంటానా? నవ్వొద్దు!

తల్లీ పిల్లలూ పోతారేమోనని భయమేసి నీ కాగితం తొట్టిలో ముంచినా. పీహెచ్ ఆరు! వాటికి ఎనిమిది కావల్ల. బోరునీళ్లలో ముంచితే? ఎనిమిది! అవి పుట్టిన ఆఫ్రికా సరస్సు మన కుళాయిలోనే ఉండాదప్పా!

ఒక్కసారి మారిస్తే చేపలు తట్టుకోవు. అందుకే సున్నం గుణముండే కమలాపురం నాపరాయి ముక్కలు అడుగున పరిచి, రోజూ రెండు చెంబులు తీసేది, రెండు చెంబులు బోరునీళ్లు పోసేది, కాగితం ముంచేది. ఆరున్నర... ఏడు... ఏడున్నర... నీ కాగితాల పుస్తకం అయిపోయింది.

నాయనకు తెలీకుండా ఎట్లంటావా? మినరల్ డబ్బాలోనే బోరునీళ్లు నింపినా! ఓడిపోయినానని యాడ చెప్పుకునేది?

నిన్న పొద్దున నోరు తెరిచింది ఓబన్నా! ఇరవై రెండు పిల్లలు, జీలకర్ర గింజలంత! అంగట్లోనే ఎగిరి గంతేసినా. నాయన వచ్చినోళ్లందరికీ చూపిస్తాండాడు, "మా వాసవి మాట వినబట్టే! అంతా మినరల్ నీళ్ల మహిమ!" అని. ఆ డబ్బా నీళ్లే అందరికీ గ్లాసుల్లో పోస్తాండాడు. తనూ తాగి, "ఏందో ఈ తూరి ఉప్పగుండాయే" అంటాండాడు!

నాకూ ఒక గ్లాసిచ్చినాడు. తాగకుండా తొట్టి పక్కనే పెట్టి వచ్చినానప్పా.

"నువ్వు చెప్పిందే సరి నాయనా." నేను ఆయనకు చెప్పాల్సింది ఇంతే మాట. నిన్నట్నించీ ఆ పచ్చదాని మాదిరి నోట్లో పెట్టుకోని తిరుగుతాండా.

మేడమ్ దగ్గరికి తర్వాత పోదాం. ముందు అంగడికి రా. పక్కన నువ్వుంటే నోరు తెరుస్తా.