కుట్టిన బూట్లు

చిత్తూరులో బాలికల బాస్కెట్‌బాల్ ఫైనల్‌కు పది నిమిషాల ముందు కోచ్, కెప్టెన్ లోహితను పక్కకు పిలిచాడు.

“స్టెల్లాను ఈ పొద్దు ఆడించడంలే. ఆ మాట నువ్వే ఆమెకు చెప్పు.”

“నిన్న మనల్ని గెలిపించింది ఆమే గదా సార్?”

“ఆ బూట్లు సూసినావా? దారంతో కుట్టుకోనుండాది. పెద్దోళ్లు వచ్చిండారు, ఫోటోలు తీస్తారు.”

లోహితకు ఒళ్లు మండింది.

“వాళ్ల నాయన మామిడి ఫ్యాక్టరీలో కూలికి పోతాడు సార్. కొత్తవి యాడ తెస్తాడు?”

“కెప్టెన్‌వి. చెప్పింది చెయ్యి.”

“కెప్టెన్‌ని గాబట్టే ఆ మాట ఆమెకు చెప్పను.”

ఆమె వంగి తన లేసులు విప్పింది.

“ఏం చేస్తా ఉండావు?”

“మా ఇద్దరిదీ ఒకే సైజు. ఇవి ఆమెకిచ్చి, ఆ కుట్టినవి నేనేసుకుంటా. ఇప్పుడు నన్ను తీసేయండి సార్.”

కోచ్ పెన్ను తీసి, జాబితాలో కొట్టేసిన స్టెల్లా పేరును మళ్లీ రాశాడు.