కాబూల్ ఖాన్ పడిన రోజు

"అమ్మమ్మా, తాతమ్మ కాబూల్ ఖాన్‌ని కొట్టిందని చెప్తే కాలేజీలో నవ్వారు. కుస్తీలో ఎవరు గెలవాలో ముందే మాట్లాడుకుంటారంట కదా. నిజం చెప్పు."

నవ్విందెవరు, మగపిల్లలేనా? ఆఁ, అనుకున్నాను. ఆడది మగాణ్ణి కొట్టిందంటే మనవాళ్ళకి ముందు నవ్వొస్తుంది, తర్వాత అనుమానమొస్తుంది. మగాడు పెళ్ళాన్ని కొట్టాడంటే మాత్రం ఏ అనుమానమూ రాదు. నిజంగా కొట్టాడా అని ఒక్కడూ అడగడు, ఈవిడేం చేసిందో అంటారు. ఇలా కూర్చోవే మౌనీ. ఆ ఫ్యాను కాస్త ఇటు తిప్పు. ఫోన్లో రికార్డవుతుందా? అవనీ. మా నాన్న పోయాడు, మా అమ్మా పోయింది. ఇంక చెప్పొచ్చులే.

మాది కుస్తీ కంపెనీ. సర్కసు కాదు, మీ అమ్మ అందరితో సర్కసని చెప్తుంది, దానికి నామోషీ. సర్కసోళ్ళకి గుడారం, ఏనుగులు ఉండేవి. మాకేముంది? నాలుగు ఇనప స్తంభాలు, తాళ్ళు, ఊకబస్తాల మీద పరిచిన కాన్వాసు గుడ్డ. తుని, పిఠాపురం, రాజోలు, ఇలా తిరిగేవాళ్ళం. నేనెల్లా చేరానంటే, కాకినాడ రేవులో మా పిన్నితోపాటు ఐసు మోసేదాన్ని. మేనేజరు నా భుజాలు చూసి ఆగిపోయాడు. ఆ భుజాలు చూసే, దీన్నెవడు చేసుకుంటాడని మావాళ్ళు ఏడ్చేవాళ్ళు. ఆయన అడ్వాన్సు ఇచ్చాడు.

పేరు బొంబాయి రోజీ అని పెట్టాడు. నేనేమో నూకరత్నాన్ని, బొంబాయి ఎటుందో కూడా తెలీదు. కాబూల్ ఖాన్ మాత్రం కాబూలు చూశాడా ఏంటి? అతను అప్పలనాయుడు, విజయనగరం అవతల పల్లెటూరు. గడ్డం పెంచి, కళ్ళకి కాటిక పెట్టి, ఏదో బరబరా అరిచేవాడు. జనం రాళ్ళు పట్టుకునేవాళ్ళు. దుర్మార్గుడంటే ఎక్కడో దూరాన్నించి రావాలి మనకి. ఇంట్లో ఉన్నవాడు కళ్ళ ముందే తిరుగుతున్నా కనపడడు. ఆ ఖాన్‌గారేమో పొద్దున్నే లేచి అందరికీ టీ కాచేవాడు. ఆవకాయ ముక్క నోట్లో పెడితే కళ్ళమ్మట నీళ్ళు.

మీ కాలేజీవాళ్ళు చెప్పింది నిజమే. ఎవరు గెలవాలో మేనేజరు పొద్దున టిఫిన్లప్పుడే చెప్పేసేవాడు. అలాగని ఉత్తుత్తిదనుకోకు. పడ్డమంటే ఏంటనుకున్నావు? గడ్డం గుండెలకి ఆనించి, అరచేతులు పరిచి, వీపంతా ఒక్కసారే నేలకి తగిలేట్టు పడాలి. తల ముందు తగిలిందా, అంతే సంగతులు. గెలిచేవాడికేం పని, చేతులెత్తి నిలబడ్డమేగా. పనంతా పడేవాడిదే. ఎంచేతంటే, వీడెంత బాగా పడితే వాడంత బలవంతుడు. ఈ సంగతి మాత్రం బయట చెప్పకూడదు. కన్నతల్లికైనా సరే. అమ్మవారి పటం ముందు ఒట్టేయించుకునే చేర్చుకునేవాళ్ళు.

ఇంకోటి కూడా ఉండేది మా కంపెనీలో. ఏ ఊరెళ్తే ఆ ఊరివాడే ఆఖరి రోజు గెలవాలి. ఎవరో కండలున్న కుర్రాణ్ణి పట్టుకుని నేర్పించి, ఖాన్ మీదకి పంపేవాళ్ళు. ఊరు ఊరంతా భుజాలకెత్తుకునేది వాణ్ణి.

అలా తిరిగి తిరిగి మన యానాం వచ్చాం. వంతెన లేదప్పటికి. సామానంతా ఎదుర్లంక నుంచి పంటు మీద దాటించారు. ఆట ఎక్కడంటే, అగ్రహారం దగ్గర... కాదు కాదు, అడవిపొలం వైపు ఖాళీ జాగా. ఇక్కడ బొంబాయి రోజీ అంటే కుదరదుగా, నా ముక్కు చీమిడి తుడిచినవాళ్ళే సగం ఊరు. 'యానాం ఆడపులి' అని మైకులో చెప్పించారు. మరి ఊరిదాన్ని నేనే కదా, ఆఖరి రోజు గెలుపు నాదే కదా అనుకున్నాను. టిఫిన్ల దగ్గర మేనేజరేమన్నాడంటే, "రత్నం, ఆడదాని చేతిలో పడితే రేపు పక్క ఊళ్ళో ఖాన్‌ని చూడ్డానికెవరొస్తారమ్మా? నువ్వు ఓడిపోయి ఏడవాలి. జనం ఖాన్ మీద మండిపడతారు. అదే మనక్కావాలి." అదీ సంగతి. అన్ని ఊళ్ళకీ ఉన్న నియమం నా దగ్గరకొచ్చేసరికి చచ్చిపోయింది.

ఆ రోజు మా అమ్మొచ్చింది. దరియాలతిప్ప నుంచి నడిచొచ్చి చేపలమ్మేది కదా, బజార్నించి అట్నుంచటే వచ్చేసింది, సత్తు బేసిను చంకలో పెట్టుకుని. మా నాన్న కూడా వచ్చాడు. నేల మీద ముందు వరసలో, మందేసుకునే వచ్చాడు. మంచోడే అనేవారు ఊళ్ళో. తాగనప్పుడు మంచోడే. యానాంలో తాగని పూట ఎక్కడ దొరుకుతుందే? అమ్మ వీపు మీద వాతలు నేను చూశాను. ఊరూ చూసింది.

ఆట మొదలైంది. నేను పడ్డాను, ఖాన్ నన్ను బోర్లా దొర్లించి వీపు మీద కాలేసి మీసం తిప్పాడు. కాలు ఊరికే ఆనించేవాడు, బరువు వేసేవాడు కాదు పాపం. నేను ఏడుస్తున్నాను, మరి ఏడవమన్నారుగా. అంతలో తాళ్ళు కదిలాయి. తలెత్తి చూద్దును కదా, మా అమ్మ! చీర దోపుకుని తాళ్ళ మధ్యనించి దూరేసింది. ఆవిడకేం తెలుసు, కూతుర్ని చంపేస్తున్నాడనుకుంది. బేసినెత్తి అతని భుజమ్మీద ఒక్కటిచ్చింది, ఠంగుమని. "మళ్ళీ చెయ్యెత్తుతావా? జుట్టు పట్టుకు ఈడుస్తావా? పిల్లల ముందు కొడతావా నన్ను?" అంటోంది, కొడుతోంది.

ఖాన్ నా వైపు చూశాడు. అంతలో బేసిను అమ్మ చేతిలోంచి జారి అతని వెనకాల పడింది. మేనేజరు కిందనించి చేతులూపుతున్నాడు, ఆవిణ్ణి బయటికి లాగెయ్ లాగెయ్ అని. ఖాన్ ఒక్కడుగు వెనక్కి వేశాడు, తూలాడు, చెట్టు కూలినట్టు వెల్లకిలా పడ్డాడు. అంత చక్కగా పడ్డం నేను మళ్ళీ చూళ్ళేదు. రిఫరీకి ఏం చెయ్యాలో తోచక అంకెలు లెక్కపెట్టేశాడు. ఖాన్ లేవలేదు. ఇంక ఆడోళ్ళ ఈలలు చూడాలి! అప్పటిదాకా మన ఊరి ఆడవాళ్ళకి ఈల వెయ్యడం వచ్చని నాకూ తెలీదు.

తర్వాత మేనేజరు తిట్టాడులే. తిట్టి, మీ అమ్మ కూడా అమలాపురం వస్తుందేమో అడుగు అన్నాడు! వ్యాపారం మరి. ఎందుకు పడ్డావయ్యా అని నేను అప్పలనాయుణ్ణి అడిగాను. "నేను జుట్టు పట్టుకోలేదు కదా రత్నం. ఆ తిట్లు నావి కాదు. ఎవరివో వాడు అక్కడే ఉన్నాడనిపించింది. వాడు చూడాలని పడ్డాను" అన్నాడు.

చూశాడే మా నాన్న. చూసి, ఇంటికొచ్చి అన్నం తనే వడ్డించుకున్నాడు. బతికున్నన్నాళ్ళూ మళ్ళీ చెయ్యెత్తలేదు. బుద్ధొచ్చి కాదులే, భయమేసి. ఖాన్‌నే పడేసిన మనిషి కదా మరి! బుద్ధి వచ్చేదాకా ఆగితే మా అమ్మ ఏమైపోయేదో. ఇప్పుడు చెప్పు, ఆ పడ్డం అతను కావాలని పడిందని నేనెల్లా చెప్తాను? ఒట్టు సంగతి అలా ఉంచు. చెప్పిన రోజునే మా నాన్న చెయ్యి మళ్ళీ లేచేది.

తర్వాత్తర్వాత సినిమాలు, టీవీలు, కంపెనీ మూతబడింది. గోదారి ఎర్రబడే రోజుల్లో ఒకసారి అప్పలనాయుడు మమ్మల్ని చూడ్డానికొచ్చాడు, గడ్డం తీసేసి. అమ్మ పులస వండింది. నువ్వు తెలుసుకోవాల్సిందేంటంటే, పులస అమ్మేవాళ్ళు పులస తినరు, అంత ఖరీదు, అప్పుడూ అంతే. ఆ రోజు మాత్రం వచ్చిన బేరం తిప్పి పంపేసి వండింది. వడ్డిస్తూ, "బాబూ, ఆ దెబ్బ తగ్గిందా?" అంది. అతను భుజం తడుముకుని, "వాన పడితే లాగుద్దమ్మా ఇప్పటికీ" అన్నాడు. మా నాన్న అరుగు మీదే కూర్చున్నాడు, విన్నాడు. అదీ పడ్డమంటే. ఆట అయిపోయి ఏళ్ళయినా ఇంకా పడుతూనే ఉన్నాడు.

కావాలనే పడ్డాడని అమ్మకి తెలుసా అంటావా? ఏమో. మంచం మీదున్నప్పుడు ఓ రోజు తనంతట తనే అంది, "మంచి కుర్రోడే ఆ ఖాను. పడేముందు నా బేసిను కాలితో పక్కకి జరిపాడు, సొట్ట పడకుండా." అంటే ఏంటమ్మా అన్నాను. "ఏం లేదు, మంచినీళ్ళివ్వు" అంది. అంతే.

కాలేజీలో ఏం చెప్తావో నీ ఇష్టం. మా తాతమ్మ కొట్టింది, అతను పడ్డాడు అను, అందులో అబద్ధమేముంది? పెద్ద చదువులు చదువుకో. నీకు గెలిచేవాడు అక్కర్లేదు తల్లీ, పడ్డం తెలిసినవాడు దొరకాలి. దొరక్కపోయినా బెంగ లేదు, ఆ బేసిను అటక మీదే ఉంది... సొట్ట లేదు దానికి, కావాలంటే ఎక్కి చూడు...