సింకు చుట్టూ తెల్ల సిలికాన్

భార్య చెవినిల్లు కట్టుకుని పోరగా పోరగా, ఇన్నేళ్ళకు భర్త సింకు చుట్టూ సందులోంచి నీళ్ళు కారకుండా పూసిన పాత సిలికాన్ గీకేసి కొత్తది పూస్తున్నాడు. ఆమె మురిపెంగా చూస్తోంది.

“ఇవాళ పొద్దు పడమట పొడిచినట్టుంది!”

“రేపటిదాకా నీళ్ళు తగలనివ్వకు.”

“అలాగే లెండి. నల్లది తెమ్మన్నాగా, తెల్లది తెచ్చారేం?”

“తెల్లదైతే చూసేవాళ్ళకి శుభ్రంగా కనిపిస్తుంది.”

“ఈ వంటింట్లో నేను తప్ప చూసేవాళ్ళెవరండీ?”

సబ్బునీళ్ళలో ముంచి అంచు నున్నగా దిద్దుతున్న అతని వేలు ఆగిపోయింది.

“ఎవరండీ?”

“ఇల్లు కొనేవాళ్ళు. ఎల్లుండి వస్తారు. బేరం కుదిరాక నీకు చెబుదామనుకున్నా.”

“నాతో ఒక్క మాటైనా అనకుండా అమ్మేస్తున్నారా?”

“మన మంచికేనే.”

“నేనడిగినన్నాళ్ళూ సందులో గుడ్డ కుక్కుకోమన్నారు. ముక్కూ మొహం తెలియనివాళ్ళ కోసం ఒక్క పూటలో చేసేశారు.”

ఆమె కుళాయి మీద చెయ్యి వేసింది.

“ఏయ్, ఇంకా ఆరలేదే!”

ఆమె కుళాయిని చివరికంటా తిప్పి, పడే నీళ్ళను దోసిలితో ఆ తెల్లటి అంచు మీదికే చల్లింది.