మార్కులు వేసే మనిషి

అద్దం ముందు భర్త షేవింగ్ చేసుకుంటున్నాడు. భార్య తలుపుకి ఆనుకుని నిలబడింది.

"పక్కింటావిడ అడిగింది, మీ ఆయన ఇంటింటికీ తిరిగి జనం బుర్రల్లో సైన్సు ఎంతుందో కొలుస్తాడట కదా అని."

"సర్వే ఉద్యోగం మరి. కొలవక చస్తానా?"

"మీ మెడ మీద గడ్డ పెరిగిందని కూడా అంది."

"చలికి వాచింది. అదే తగ్గిపోతుంది."

"మీకెలా తెలుసు?"

"నా ఒళ్ళు నాకు తెలీదటే?"

"ఏ పరీక్షా లేకుండా ఇలా చెప్పేవాళ్ళకి మీ సర్వేలో ఎన్ని మార్కులేస్తారేమిటి?"

"సున్నా."

"ఊరందరికీ సున్నాలు చుట్టే మహానుభావుడికి, డాక్టరు రాసిచ్చిన పరీక్ష చేయించుకోడానికి మాత్రం కాళ్ళు రావేం?"

రేజరు గడ్డ చుట్టూ జాగ్రత్తగా తిరిగి ఆగింది.

"చేయించుకుంటే తెలిసిపోతుంది కదే."