చింతపండుతో తోమిన తుపాకి

మద్దమ్మకు ఒక గుణం ఉండె. ఏదైనా కంటబడితే అది ఎప్పటిది, ఎవరిది, ఎందుకట్లుంది అని తేలేదాకా ఆమెకు అన్నం సయించదు. గుడ్డు కనపడితే ఏ కోడి పెట్టిందో తెలియాల. బస్సులో పక్కనామె చీర బాగుంటే ఏ ఊర్లో తీసుకుందో, ఎంత పెట్టిందో తెలియాల. "ఎందుకు అనే మాట తప్ప నీ నోట్లో ఇంకోటి రాదా?" అని మొగుడు తిక్కయ్య విసుక్కునేవాడంట. అట్లాంటి పిల్ల బడిలో ఒకతుంటే చాలు, పాఠం దానంతటదే నడుస్తుంది, ఇన్నేండ్లు పాఠాలు చెప్పినా కదా, అది నాకు తెలుసు. సరే, ఆ మద్దమ్మ ఇంట్లో ఏముండెనంటే, ఒక పాత రివాల్వరు. రివాల్వరంటే ఏందో తెలుసునా మీకు? చేతిలో ఇమిడే తుపాకి అన్నమాట. నడుమ ఒక గుండ్రటి దిమ్మె ఉంటుంది. తామరకాయ చూసినారు కదా, గింజలు కూర్చునే గుంటలు? అట్లా ఆ దిమ్మెలో ఆరు గుంటలు, గుంటకొక గుండు. ఒకటి పేలితే దిమ్మె తిరిగి రెండో గుంట ముందుకొస్తుంది. తిరుగుతుంది కాబట్టే ఆ పేరు. అర్థమైందా? అయితే ఆ ఇంట్లో దాన్ని పేల్చినోడు ఎవడూ లేడు. గుండ్లు మద్దమ్మ కాపురానికి రాకముందే అయిపోయినాయంట. లైసెన్సు కాయితం మాత్రం తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి తిక్కయ్యకు పేరు మారుకుంటా వచ్చింది. ఓట్లొచ్చినప్పుడల్లా ఊర్లో ఉన్న తుపాకులన్నీ స్టేషన్లో పెట్టాల కదా, దీన్నీ తువ్వాలలో చుట్టుకోని పోయి పెట్టి, ఓట్లయినాక మళ్ళా తెచ్చుకునేవాళ్ళు. దాని బతుకంతా అంతే అనుకో, పెట్టెలోనించి స్టేషన్‌కు, స్టేషన్ నించి పెట్టెలోకి.

ఏడాదికొక్కసారి మాత్రం దానికి పండగ. దసరాకు ఆయుధపూజ చేస్తారు కదా, అప్పుడు తోమాల దాన్ని. ఎట్లా తోమేవాళ్ళంటే, చింతపండు, ఇటుకపొడి. రాగిచెంబు తోమినట్లే. చింతపండు పట్టించి నానబెట్టి, ఇటుకపొడి వేసి బరబరా రుద్ది, తుడిచి, గంధం పెట్టేది. అత్త నేర్పింది, మద్దమ్మ నేర్చుకుంది. చింతపండు, ఇటుకపొడి, ముప్పైఎనిమిదేండ్లు. దాంట్లో ఒక పట్టింపు ఏందంటే, దిమ్మె మీద ఒకచోట పసుపూ కుంకుమా పెడతారు, ఆ పాత బొట్టును మాత్రం తోమకూడదు. దాని మీదనే కొత్త బొట్టు పెట్టాల. "ఇంటి బొట్టు చెరుపుతామా మనం?" అనేదంట అత్త. అందుకని తుపాకంతా అద్దం మాదిరి మెరుస్తా ఉంటే, ఆ ఒక్కచోట మాత్రం బొట్టు మీద బొట్టు, బొట్టు మీద బొట్టు, చింతగింజంత మందాన గట్టిపడిపోయింది.

ఇంక ఆ తుపాకి ఇంటికెట్లా వచ్చిందనే దానికి ఊర్లో రెండు కతలు. ఇంటోళ్ళ కత ఒకటి, ఊరోళ్ళ కత ఒకటి. కుందూ ఏటి ఒడ్డున కాలవ తవ్వించేదానికి ఒక దొర వచ్చినాడంట, కాలవ దొర అనేవాళ్ళు. పెద్ద వరదలో గుర్రంతో సహా కొట్టుకపోయినాడు. తిక్కయ్య తాత సుంకన్న ఏట్లోకి దూకి ఆయన్ను ఒడ్డుకు లాగినాడంట, కానీ దొర బతకలే. పోయేముందు నడుముకున్న రివాల్వరు తీసి సుంకన్న చేతిలో పెట్టి కండ్లు మూసినాడంట. ఇది ఇంటోళ్ళ కత. ఊరోళ్ళ కత ఏందంటే, దొర చచ్చినాకనే ఒడ్డుకు కొట్టుకొచ్చినాడు, సుంకన్న పీనుగు నడుముకున్నది లాక్కున్నాడు, అంతే. దొర గోరీ ఇప్పటికీ ఊరిబయట ఉంది. మంగళవారాలు చుట్ట వెలిగించి పెడతారు, దొరకు చుట్టంటే ఇష్టమంట. గోరీ రాయి మీద పద్దెనిమిదివందల తొంభై అని చెక్కి ఉంది. ఈ లెక్క గుర్తుపెట్టుకోండి, మళ్ళా అడుగుతా. దసరానాడు జమ్మిచెట్టు కాడ అందరూ కత్తులూ బరిసెలూ తెచ్చిపెడితే, తిక్కయ్య ఈ తుపాకి తెచ్చి పెట్టేవాడు. పెట్టంగానే ఎదురింటి బొజ్జమ్మ గొంతెత్తేది. "అయ్యో, పీనుగు మీద సొమ్ము తెచ్చి దేవుని ముందర పెడతారా! అమ్మోరు ముక్కు మూసుకుంటాంది సూడండి!" అని. అందరూ నవ్వేవాళ్ళు. తిక్కయ్య తుపాకిని తువ్వాలలో చుట్టుకోని, తల దించుకోని ఇంటికొచ్చేవాడు. ఏడాదేడాదికీ అదే మాట, అదే నవ్వు, అదే తల దించుకోవడం.

ఏమైందంటే, తిక్కయ్య పోయినాడు. లైసెన్సుదారుడు పోతే తుపాకి ఇంట్లో ఉంచుకోకూడదు కదా, దాన్ని కర్నూల్లో తుపాకుల అంగడిలో అప్పజెప్పినారు. ఆ సంగతి ఎట్లా తెలిసిందో ఏమో, హైదరాబాదు నుంచి విఠల్రావని ఒక పెద్దమనిషి దిగినాడు. పాతవస్తువులు కూడబెట్టే పిచ్చి ఆయనకు, దానికి కావలసిన లైసెన్సులన్నీ ఉన్నాయంట. కాలవ దొర కుర్చీ, దొర దిక్సూచి ఇప్పటికే సంపాదించినాడు, ఇంక రివాల్వరే తక్కువ. "దొరదే అయితే ఐదు లక్షలిస్తానమ్మా. మీ ఆయన తాతగారికి దొర తన చేత్తో ఇచ్చిన రివాల్వరు ఇదేనని రాసి సంతకం చేయండి చాలు. గురువారం అంగడికే వస్తాను" అని పోయినాడు. మరిది రంగసామి గాల్లో తేలిపోయినాడనుకో. "వదినె, నీ సగంతో మిద్దె దించి స్లాబు వేయిస్తాం, నా సగంతో ట్రాక్టరు!" అని. మద్దమ్మ మిద్దె కారుతా ఉండె, వానొస్తే ఏడు గిన్నెలు పెట్టుకోని కూర్చునేది. ఆశ లేదని ఎట్లంటాం? కానీ ఆమె గుణం చెప్పినా కదా. "బుధవారం నేను కర్నూలు పోయి ఆ అంగడోళ్ళను అడిగొస్తా, అది ఎప్పటిదో" అనింది. "తెలిసిందే కదా వదినె, మా తాత చెప్పింది?" అని రంగసామి. "మీ తాత చెప్పింది తెలుసురా. తుపాకి చెప్పేది తెలీదు" అనింది మద్దమ్మ.

బుధవారం రంగసామిని వెంటబెట్టుకోని పోయింది. అంగడిలో ఖాజా సాయెబని ముసలాయన, తుపాకులు బాగుచేసే పని. కంటికి భూతద్దం బిగించుకోని, అటు తిప్పి ఇటు తిప్పి, "ఎవరమ్మా దీన్ని ఇట్లా చంపింది?" అన్నాడంట. "మేమే సాయెబూ. ఏడాదికొకసారి." "ఏం పెట్టి?" "చింతపండు, ఇటుకపొడి." "యా అల్లా!" అని ఆయన తల పట్టుకున్నాడు. "తల్లీ, దీని మీద తెల్లపూత ఉండె, పోయింది. చేసినోని పేరు ఉండె, పోయింది. నంబరు ఉండె, పోయింది. పాత తుపాకిని మురికిగా పెడితేనే ధర. దాని మురికే దాని జాతకం. ఇప్పుడు అద్దం మాదిరి చేసి పెట్టినారు, అద్దంలో మన మొహం కనపడుతుంది గానీ దాని మొహం కనపడదు కదా?" అన్నాడు. మద్దమ్మకు ఒకపక్క సిగ్గు, ఒకపక్క ఇంకా తెలుసుకోవాలని. "అంతా పోయిందా సాయెబూ? ఎక్కడా ఏమీ మిగల్లేదా?" అంటే, ఆయన దిమ్మె మీద వేలు పెట్టి, "ఇదేంది గడ్డ కట్టింది?" అన్నాడు. "బొట్టు." "దీనికింద ఏమైనా ఉంటే ఉండాల. తీయమంటావా తల్లీ?" అని అడిగినాడంట. చూడండి, ఎంత మర్యాదస్తుడో. మద్దమ్మ తన నుదురు తడుముకోని, "మా ఆయన పోయిన పదోదినం నా బొట్టు తీసేటప్పుడు ఎవరూ నన్ను అడగలే సాయెబూ. దాని బొట్టుకు నన్నడుగుతాండావు. తీయి" అనింది.

కిరసనాయిలు చుక్క వేసి, నానబెట్టి, పుల్లతో పొరపొరా గీకినాడు. గీకితే ఎర్రది, పచ్చది, ఎర్రది, పచ్చది, ఉల్లిగడ్డ పొరల మాదిరి వచ్చిందంట. అడుగున, గోరంత కూడా లేదు, ఒక ముద్ర. గుడ్డు ఆకారం గీత, లోపల మూడక్షరాలు, దాని కింద చుక్క, పైన ఒక కిరీటం. సాయెబు మొహం వెలిగిపోయింది. "సూడమ్మా, నీ కండ్లతో సూడు" అని భూతద్దం ఆమె చేతికిచ్చినాడు. "బెల్జియం దేశం ముద్ర ఇది. అక్కడ ప్రతి తుపాకినీ కాల్చి చూసి, పగలకుంటేనే ఈ ముద్ర కొడతారు. ఇంగ్లీషు రకాన్ని చూసి వాళ్ళు చవగ్గా చేసి అమ్మినారు, మన దేశానికీ రాశులు రాశులు వచ్చినాయి. మా ఉస్తాదు నాకు నేర్పిన మొదటి పాఠం ఏందంటే, గుడ్డు మీద కిరీటం లేకుంటే పాతది. కిరీటం ఉంటే పద్దెనిమిదివందల తొంభైమూడు, లేదా ఆ తర్వాత. అంతకుముందు కిరీటం కొట్టేదే లేదు." మద్దమ్మ మళ్ళా అడిగింది. "ఎంత?" "తొంభైమూడు." "ముందు కాదు కదా?" "ముందు కాదు." మద్దమ్మ వేళ్ళు మడిచింది. ఇప్పుడు మీరు చెప్పండి. గోరీ రాయి మీద ఎంతని చెప్పినా? తొంభై. ఆఁ! తొంభైలో చచ్చిన మనిషి నడుముకు తొంభైమూడు తర్వాత పుట్టిన తుపాకి ఎట్లుంటుంది? ఉండదు. ఉండదు కాబట్టి దొర ఇయ్యనూ లేదు. ఇంకా? ఆలోచించండి. సుంకన్న పీనుగు మీద లాక్కోనూ లేదు! గోరంత కిరీటం ఒకటి, రెండు కతలనూ ఒకే దెబ్బకు కూల్చేసింది.

మద్దమ్మ ఆ లెక్క చెప్పి ఇంకా నోరు మూయనేలేదు, రంగసామి అంగట్లో లేడు. యాడికి పోయినాడో అనుకునేలోపల పక్క కిరాణా కొట్టులోనించి పరిగెత్తుకోని వచ్చినాడు, చేతిలో కాయితం పొట్లం. ఏముంది పొట్లంలో? చింతపండు! "వదినె, ఇంకొక్కసారి తోము. ఒక్కసారంటే ఒక్కసారి. గోరంత ముద్ర, నిమిషంలో పోతుంది. అప్పుడు దొరది కాదని ఎవడు చెప్తాడు?" అన్నాడు. సాయెబు కండ్లద్దాలు తీసి తుడుచుకుంటా, "నేను ఎవరికీ చెప్పనమ్మా, సొత్తు నీది. కానీ ఎవరైనా అడిగితే అబద్ధమాడను" అని పక్కకు తిరిగినాడంట. మద్దమ్మ ఒక చేతిలో తుపాకి, ఒక చేతిలో చింతపండు. మిద్దె గుర్తొచ్చింది, ఏడు గిన్నెలు గుర్తొచ్చినాయి. తోమితే ఐదు లక్షలు, కానీ అప్పుడు తుపాకి మళ్ళా దొరదే అయిపోతుంది, దొరదైతే బొజ్జమ్మ నోరు అట్లనే ఉంటుంది, మొగుడు దించుకున్న తల అట్లనే ఉండిపోతుంది. అన్నిటికంటే ఇంకో బాధ ఏందంటే, ముప్పైఎనిమిదేండ్లు తెలుసుకోవాలని కొట్టుకున్నది ఇప్పుడే తెలిసింది. తెలిసినదాన్ని తన చేత్తోనే చెరుపుకోవాలంటే ఆమెకు చేతులు రాలే. "రంగా, ఈ చింతపండు ఇంటికి తీసుకపో. చారు కాస్తా" అనింది. రంగసామి అంగడి గట్టుమీదనే కూలబడినాడు. "నా ట్రాక్టరును చారు కాస్తాండావు కదే వదినె!" అని ఏడ్చినంత పని చేసినాడు.

గురువారం విఠల్రావు వచ్చినాడు, కాయితం టైపు చేయించుకోని మరీ. మద్దమ్మ కాయితం పక్కన పెట్టి ఆయన చేతికి భూతద్దం ఇచ్చింది. ఆయన చూసినాడు. మళ్ళా చూసినాడు. చదువుకున్న మనిషి, కిరీటం సంగతి ఆయనకు ఎవరూ చెప్పే పనిలేదు. "అమ్మా, ఇది మీరు చూపించకపోయుంటే నేను డబ్బులిచ్చి వెళ్ళిపోయేవాణ్ణి" అన్నాడంట. "తెలుసు సార్" అని మద్దమ్మ. "ఇప్పుడిది పదివేలకు మించదు. నాకు పనికి రాదు." "అదీ తెలుసు సార్. నాకొక సాయం చేయి. ఈ తుపాకి దొర చచ్చిపోయినాక తయారైంది, దొరది కాదు, అని నీ చేత్తో రాసి సంతకం పెట్టు." పెద్దమనిషే, కాదనలే. తెలుగులోనే రాసి, సంతకం పెట్టి, పోయేముందు రెండు చేతులూ జోడించి దండం పెట్టినాడంట. ఐదు లక్షలకు తను పెట్టాల్సిన సంతకం పెట్టకుండా, ఇంకోరి సంతకం తీసుకోని, బస్సు చార్జీ తన డబ్బులే పెట్టుకోని ఊరికొచ్చింది మద్దమ్మ. ఆ ఎండాకాలం వదినా మరిదీ కలిసి మిద్దె మీదికి చౌడు మట్టి మోసి తొక్కినారు. ఇప్పుడు రెండు గిన్నెలు చాలంట.

దసరాకు జమ్మిచెట్టు కాడ, లైసెన్సు తన పేరుకు మారినాక, మద్దమ్మే తుపాకి తెచ్చి పెట్టింది. తోమలే, పొడిగుడ్డతో తుడిచి చుక్క నూనె వేసింది, అంతే. బొజ్జమ్మ ఇంకా నోరు తెరవకముందే ఆ కాయితం తీసి గట్టిగా చదివింది. బొజ్జమ్మ ఒక్క నిమిషం దవడ కింద చేయి పెట్టుకోని ఆలోచించి, "అట్లైతే ఇంకెవరి పీనుగు మీద తీసుకున్నాడో!" అనిందంట. మద్దమ్మకు కోపం రాలే, పకపకా నవ్వు వచ్చింది. "నా వంతు నేను ఎతికినా బొజ్జక్కా. కొత్త పీనుగును నువ్వే ఎతుక్కో" అనింది. ఆ దసరాకు ఊరంతా నవ్వింది బొజ్జమ్మను చూసి. రంగసామి అయితే ఆ బుధవారం తర్వాత మొదటిసారి నవ్వినాడంట, ట్రాక్టరు సంగతి మర్చిపోయి.

ఇంతకీ సుంకన్న దాన్ని యాడ తెచ్చినాడు అని అడుగుతారు మీరు. ఎవరికీ తెలీదు. నన్నడిగితే, కొనుక్కున్నాడు. ఏ పట్నం అంగడిలోనో తెల్లగా మెరుస్తా ఉంటే చూసి కండ్లు చెదిరి కొనేసినాడు, ఇంటికి వచ్చే దారిలో పెండ్లాం గుర్తొచ్చింది. ఎంతైందని అడిగితే ఏం చెప్పాల? అప్పుడు చచ్చిపోయిన దొర గుర్తొచ్చినాడు. వరదనాడు ఇచ్చినాడే, భయపడి ఇన్నేండ్లు దాచిపెట్టినా, అని చెప్పింటాడు. చచ్చినోడు వచ్చి ధర చెప్పడు కదా. ఆ ఒక్క పూట తిట్లు తప్పించుకునేదానికి ఆడిన అబద్ధానికి మనవడు తల దించుకోవాల్సొచ్చింది. మీరు నవ్వుతాండారు గానీ, కొన్న వస్తువుకు ఇంట్లో సరైన ధర చెప్పే మగవాళ్ళు ఈడ ఎంతమందున్నారో చేతులెత్తండి, చూస్తా. ఏందీ, ఒక్కరూ ఎత్తరే?