వానకు ఎదురెక్కిన చేప

మృగశిర కార్తె మొదలయ్యే మిరుగం నాడు చేప ముక్క నోట్లె పడకుంటె యాడాదంత దగ్గు, దమ్ము పీడిస్తయని నిరోష వాళ్ల అవ్వ గుర్వమ్మ నమ్మకం. అందుకే నిరోష పగటీలే చింతపండు నానబెట్టింది. షాద్‌నగర్ రోడ్డు మీది వాళ్ల చాయ్ హోటల్ల, పాల గిన్నె పక్కన ఆ చింతపండు నానుతనే ఉంది. చేప మాత్రం రాలే.

"మీరు కొనకుండ్రి, నా గాలంతోని పట్టుకొస్త" అని నిన్న నాగేందర్, నిరోష మనసుపడ్డ పిలగాడు, మాటిచ్చిండు.

"వానికి నోరే కదుల్తది, చెయ్యి కదలది" అన్నది తల్లి గుర్వమ్మ.

"తేకపోతె ఇగ వాని పేరే ఎత్తను" అనేసింది నిరోష. అన్నంక ఎందుకన్ననా అనిపించింది గని, అన్నమాట అన్నట్టే. ఇయ్యాల పొద్దు వాలింది. బజార్ల చేపలు ఖతమైనయి. అప్పుడొచ్చిండు నాగేందర్, తడిసిన కోడి లెక్క. చేతిల గాలం కట్టె ఉంది. ఇంకో చెయ్యి ఖాళీ.

"ఏదిరా చేప?" అన్నడు బల్ల మీద కూసున్న ఐలేశం. అంగట్ల గొర్లమ్ముకొని ఇంటికి పోతా వానకు ఆగిండు. ఆయన పక్కన ఎవరో కొత్తాయన, మోకాళ్ల దాక బురద, చాయ్ ఊదుకుంట తాగుతుండు. బయట ఆయన బండి, మీద టార్పాలిన్ కప్పి ఉంది.

నాగేందర్ జుట్టు పిండుకొని, చాయ్ అందుకొని, కూసున్నడు.

"చెప్త మామా. ముందుగాల చిన్న సంగతే. కిరాయి చెరువు ఎరికే కదా, గంటకింత అని కట్టి గాలమేసుకునేది. పొద్దుగాలనే పోయిన. వాన దంచుతాంది. ఎర్రను గుచ్చి ఏసిన్నో లేదో, జానెడు బొచ్చె చేప పడ్డది."

"జానెడా? మంచిగున్నది, నమ్మొచ్చు" అన్నడు ఐలేశం.

"వదిలేసిన. జానెడు చేప అత్తకేం సరిపోతది? మల్ల ఏసిన, మూరెడు. అదీ వదిలేసిన. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"బారెడు పడ్డది" అన్నది గుర్వమ్మ, పొయ్యి దిక్కు నుంచి తల తిప్పకుండనే.

"బారెడైతె గింత కథెందుకు అత్తా? తోక ఈ కట్టకు, మూతి ఆ కట్టకు. నడుమ నీళ్లకు జాగ లేక అవే లేసి బయటికి నడిసినయి. పోయి పోయి రైలు పట్టాల కింద బండ్లు పోయే కమానుల నిండినయి. పొద్దటి నుంచి అక్కడ బండ్లు ఆగినయని విన్నరా లేదా? మీరు వాన అనుకున్నరు. కాదు, నా చేప."

కొత్తాయనకు చాయ్ పొలమారింది.

"నేను గుంజిన, అది గుంజింది. వాన మామూలుగ ఉన్నదా, తాళ్లు ఏలాడదీసినట్టు ధార తెగుతలేదు. మామా, కొత్త నీళ్లకు చేప ఎదురెక్కుతదా లేదా?"

"ఎక్కుతది" అన్నడు ఐలేశం, ఒప్పుకోక తప్పక.

"ఇది వాననే ఎదురెక్కింది. ధార పట్టుకొని పైపైకి, దానెనుక కట్టె పట్టుకొని నేను. చెప్పులు కిందనే ఉండిపోయినయి, కావాల్నంటె చూడు."

కాళ్లకు నిజంగనే చెప్పులు లెవ్వు. పాదాలు తెల్లగ, ముడుతలు పడి ఉన్నయి. నిరోష చూసింది.

"మబ్బుల చలి పెట్టలేదారా?" అన్నడు ఐలేశం.

"చలెక్కడిది? మబ్బు లోపల గొంగడి కప్పుకున్నట్టే, మెత్తగ. నీ గొర్ల ఉన్ని దాని కాలికింద పనికిరాదు. కిందికి చూస్తె దేవరకొండ కోట అగ్గిపెట్టెంత. ఇటు తిరిగితె ఆలంపూర్ గుళ్లు, బియ్యపు గింజలోలె. లెక్కపెట్టిన, తొమ్మిదికి తొమ్మిదున్నయి. ఇంక రెండు బారలు పోతె చుక్కలే. అప్పుడు ఈ హోటల్ పొగ కనబడ్డది, సన్నగ, దారం లెక్క. పొగ కింద ఒక మనిషి రోడ్డు దిక్కు చూస్తాంది." నాగేందర్ చాయ్ గ్లాసులకే చూసుకుంట అన్నడు. "ఇగ నా చెయ్యి నిలువలే. చేప నోట్ల గాలం ఊడదీసిన. చేప చుక్కలల్లకు పోయింది, నేను ఇటొచ్చిన."

నిరోష చేతిల చాయ్ వడగట్టే జాలి ఆగిపోయింది. అన్నీ కోతలేనని ఆమెకు తెల్వదా? కానీ పగటి నుంచి రోడ్డు దిక్కే చూసింది నిజం. ఆ ఒక్క ముక్క వానికెట్ల ఎరికైంది?

"అంటె చేప లేదు" అన్నది గుర్వమ్మ. "విన్నవా బిడ్డా?"

కొత్తాయన గ్లాసు కింద పెట్టిండు.

"తమ్మీ, ఆ చెరువు గుట్టెనుకదేనా?"

"అదే అన్నా."

"నా పేరు విజేందర్. ఆ చెరువుకు చేపలు తోలేది నేనే. ఎండలకు ఎండితె పూడిక తీసి, మొన్ననే నీళ్లు నింపిండ్రు. పెరిగిన చేపలు ఇయ్యాల పొద్దుగాల నా బండిల రావాలె. కమాను కింద నీళ్లల్ల ఆగిపోయిన. డ్రమ్ములల్లకు గాలి కొట్టుకుంట కాపాడుకొని, గిప్పుడే బయటపడ్డ. ఇయ్యాల ఆ చెరువుల జానెడు కాదు, గోరంత చేప గూడ లేదు."

ఐలేశం నవ్వుకు బల్ల ఊగింది. నాగేందర్ తల వంచుకున్నడు. నిరోషకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి. తల్లి మొఖం చూడలేకపోయింది.

"ఆగుండ్రి" అన్నడు విజేందర్. "చెరువు కావలాయన పొద్దంత నాకు ఒక్కటే ఫోన్లు. ఎవడో ఎనిమిదింటికే వచ్చి కూసున్నడు, చేపలు లెవ్వురా అంటె వింటలేడు, బండి వచ్చిందాక ఉంట, మాటిచ్చిన అంటుండు, జల్ది రా, లేకుంటె వానకు సచ్చేటట్టున్నడు అని. నాలుగింటికి గేటు మూసి ఎల్లగొట్టిండట. నువ్వేనా?"

నాగేందర్ చిన్నగ తలూపిండు.

"చెప్పులేమైనయి?" అన్నది నిరోష.

"కట్ట మీద దిగబడ్డయి."

"గంత పెద్ద కథ చెప్పెటోనివి, గీ ముక్క చెప్పరాదా?" అన్నది గుర్వమ్మ.

"గిది చెప్తె ఎవరు నమ్ముతరత్తా?"

నిరోష మూలకున్న గొడుగు తీసింది.

"గాలంతోనే పడ్తనన్నవు. మిరుగం ఇంక అయిపోలే, బండిల చేపలున్నయి. లే."

విజేందర్ పోయి టార్పాలిన్ తీసిండు. "ఒక్కటే తమ్మీ. చెరువు సేటుకు నేను చెప్పుకుంట."

నాగేందర్ బండెక్కి డ్రమ్ముల గాలమేసిండు. వాని నెత్తి మీద నిరోష గొడుగు పట్టింది. డ్రమ్ముల చేపలు ఒకదాన్నొకటి రాసుకుంట తిరుగుతున్నయి గని, ఒక్కటీ ఎర్ర దిక్కు చూస్తలేదు.

"ఎంతది పడ్డదిరా?" అని లోపటి నుంచి కేకేసిండు ఐలేశం.

"ఇంకా పడలే మామా" అన్నడు నాగేందర్.

కోత లేని ఆ మాట గుర్వమ్మ విన్నది. చాయ్ గిన్నె దించి, చింతపండు పిసికి, పులుసుకు గిన్నె పొయ్యి మీద పెట్టింది.